చేనుకు పట్టిన తెగులు, చేతిలో ఉన్న అమానత్

మొదటి ఖుత్బా

ఆకాశం నుండి నీటిని దించి, బీడువారిన నేలకు ప్రాణం పోసి, గింజను చీల్చి మొలకను వెలికితీసే అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. మనం ఆయననే స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. మన తప్పిదాలకు ఆయన సన్నిధిలోనే క్షమాపణ వేడుకుంటున్నాము. ఆయన తప్ప ఆరాధ్యుడెవరూ లేడని, ముహమ్మద్ (స) ఆయన దాసుడు, ఆయన ప్రవక్త అని సాక్ష్యమిస్తున్నాము. ప్రవక్తపై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై అల్లాహ్ శాంతిని, శుభాలను అవతరింపజేయుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా మాకు మేమూ, ఆపై మీకూ దైవభీతిని గురించి హితవు చెప్పుకుంటున్నాము. నమాజులో నిలిచినప్పుడు కలిగే భయభక్తులు ఎంత విలువైనవో, కాటా ముందు నిలిచినప్పుడు, కాలువ నీరు మళ్ళించేటప్పుడు, విత్తనం అమ్మేటప్పుడు కలగవలసిన భయభక్తులూ అంతే విలువైనవి. ఎవరూ చూడని చోట మన చేతిని అదుపులో ఉంచేదే తఖ్వా.

ఈ శుక్రవారం మనం చేనును గురించి, చేనుకు పట్టే తెగుళ్ళను గురించి, ఎక్కడి నుండో వచ్చి మన నేలను ఆక్రమిస్తున్న కలుపును గురించి మాట్లాడుకుందాం. మింబర్ మీద పురుగుల ప్రసక్తి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ మన రావికమతం మండలంలో అత్యధికులు నేలను నమ్ముకొని బ్రతికేవారే. కళ్యాణపులోవ జలాశయం నీటితో వరి పండించేవారున్నారు, చెరకు వేసేవారున్నారు, కొండవాలున జీడిమామిడి తోటలున్నవారున్నారు. మన జమాఅత్‌లో కొందరికి సొంత భూమి ఉంది. కొందరు కౌలుకు చేస్తున్నారు. కొందరు కూలికి వెళుతున్నారు. మరికొందరు బెల్లం, విత్తనాలు, ఎరువులు, మందుల వ్యాపారంలో ఉన్నారు. చేను చెడితే వీరందరి పొయ్యి మీద గిన్నె తేలికవుతుంది. కాబట్టి చేను విషయం దీన్ విషయానికి వెలుపలిది కాదు.

కొన్ని వారాల క్రితం ఒక సోదరుడు జుమా నమాజు ముగిశాక, అందరూ వెళ్ళేదాకా ఆగి మా దగ్గరకు వచ్చాడు. "హజ్రత్, ఒక మసలా అడగాలి" అన్నాడు. ఆయన ఎకరంన్నరలో చెరకు వేశాడు. తోటలో ఒక మూల కొన్ని దుబ్బులు ఎండిపోయాయి. గడ చీల్చి చూస్తే లోపల ఎర్రగా ఉంది. మిగతా తోట మాత్రం కంటికి పచ్చగానే కనిపిస్తున్నది. పొరుగూరి రైతు ఒకరు విత్తనపు ముచ్చెల కోసం ఆ తోటను అడిగి, బయానా ఇస్తానంటున్నాడు. "చెబితే ఆయన కొనడు. చెప్పకపోతే ఇప్పట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో బిడ్డ నికాహ్ ఉంది, బయట బాకీ ఉంది. నన్నేం చేయమంటారు?" అని అడిగాడు. ఆ సోదరుని అనుమతితో, ఆయన పేరు చెప్పకుండా, ఆ ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాము. ఎందుకంటే అది ఆయన ఒక్కరి ప్రశ్న కాదు. దానికి సమాధానం చెప్పుకోవాలంటే ముందు ఆ తెగులు ఎలాంటిదో తెలుసుకోవాలి.

సోదరులారా! చెరకును పట్టే ఆ రోగం పేరు ఎర్రకుళ్ళు తెగులు. కొల్లెటోట్రైకం ఫాల్కేటం అనే శిలీంధ్రం దీనికి కారణం. మొదట మొవ్వుకు దగ్గరగా ఉన్న మూడవ ఆకో, నాలుగవ ఆకో పసుపు రంగుకు తిరుగుతుంది. తర్వాత తల అంతా వాడి, గడ ఎండుతుంది. గడను నిలువునా చీల్చితే లోపలి భాగం ఎర్రబారి, ఆ ఎరుపు మధ్యలో అడ్డంగా తెల్లని మచ్చలు కనిపిస్తాయి. పులిసిన సారా వాసన వస్తుంది. తీపి ఉండవలసిన చోట పులుపు చేరుతుంది. రసం తగ్గుతుంది, బెల్లం సరిగా గడ్డకట్టదు. ఒకసారి గడలో ప్రవేశించిన తర్వాత దాన్ని నయం చేసే మందు లేదు. అందుకే రైతులు దీన్ని చెరకు క్యాన్సర్ అంటారు.

ఇది ప్రధానంగా ఎలా ప్రయాణిస్తుంది? తెగులు సోకిన ముచ్చెల ద్వారా. బయటికి పచ్చగా, కణుపు దగ్గర నిగనిగలాడుతూ కనిపించే ముచ్చెలోనే శిలీంధ్రం దాగి ఉండవచ్చు. ఆ ముచ్చెను నాటిన చేనులో అది మొదటి దుబ్బును చంపుతుంది. అక్కడి నుండి వాన చినుకులతో, పారే నీటితో పక్క దుబ్బులకు, గట్టు దాటి పక్క చేలకు చేరుతుంది. పంట నరికిన తర్వాత మిగిలిన మోళ్ళలో, చెత్తలో కొన్ని నెలలు నిలిచి, కార్శి తోటకూ సంక్రమిస్తుంది.

ఇది కొత్త కథ కాదు. 19వ శతాబ్ది చివరి సంవత్సరాల్లో గోదావరి డెల్టాలో చెరకు తోటలు ఈ రోగంతో తీవ్రంగా నష్టపోయాయి. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు బార్బర్ వచ్చి పరిశీలించాడు. తెగులును తట్టుకొనే రకాలను వెతకడానికి 1902లో సామర్లకోటలో చెరకు క్షేత్రం ఏర్పడింది. మనకు దగ్గరలోని అనకాపల్లి పరిశోధన స్థానం 1913లో మొదలైంది. నూరేళ్ళకు పైగా అక్కడ ఒక రకం తరువాత మరొక రకాన్ని రూపొందిస్తూనే ఉన్నారు. ఎందుకంటే శిలీంధ్రం కూడా మారుతూ ఉంటుంది. నిన్న తట్టుకున్న రకం రేపు లొంగిపోవచ్చు. అల్లాహ్ సృష్టిలో ఈ పోరాటం ఆగేది కాదు. మన జాగ్రత్త కూడా ఆగకూడదు.

ఇక కలుపును చూద్దాం. రోడ్డు పక్కన, బడి ఆవరణలో, ఖాళీ స్థలాల్లో, చివరికి మన ఖబరస్తాన్‌లో తెల్లని చిన్న పూలతో నిలబడి ఉండే వయ్యారిభామను ఎరుగని వారుండరు. దాని స్వస్థలం అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. మన దేశంలో 1950వ దశకం మధ్యలో పుణే దగ్గర దాన్ని గుర్తించారు. అమెరికా నుండి దిగుమతి అయిన గోధుమలతో పాటు దాని గింజలు వచ్చాయన్నది బహుళ ప్రచారంలో ఉన్న మాట. అందుకే కాంగ్రెస్ గడ్డి అనే పేరు కూడా పడింది. ఒక్కో మొక్క వేల గింజలను రాల్చుతుంది. తన చుట్టూ ఇతర మొక్కలు పెరగకుండా నేలలోకి రసాయనాలను వదులుతుంది. పశువులు దాన్ని ముట్టవు. ఒట్టి చేతులతో పీకేవారికి చర్మం మీద దద్దుర్లు, దురద వస్తాయి. దాని పుప్పొడి వల్ల కొందరికి ఆయాసం కూడా వస్తుంది.

కొండ వైపు వెళితే లంటానా పొదలు కనిపిస్తాయి. రంగురంగుల పూల కోసం 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో కలకత్తా వృక్షోద్యానానికి తెచ్చిన అలంకారపు మొక్క అది. పక్షులు దాని పండ్లు తిని గింజలను అడవులన్నింటా చల్లాయి. నేడు తూర్పు కనుమల్లో పశువులకు గడ్డి మొలవవలసిన చోట, గిరిజన సోదరులు ఆకులూ కాయలూ ఏరుకోవలసిన చోట, మనిషి దూరలేని ముళ్ళపొదగా నిలిచింది. ఒకరి తోటకు అందంగా తోచినది మరొకరి బ్రతుకుకు అడ్డు అయింది.

మొక్కజొన్న వేసినవారికి కత్తెర పురుగు తెలుసు. అదీ అమెరికా ఖండానిదే. 2016లో ఆఫ్రికాలో కనిపించింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో, మన దేశంలో మొదటిసారిగా గుర్తించారు. అదే సంవత్సరం మన రాష్ట్రంలోకీ వచ్చింది. దాని రెక్కల పురుగు గాలి వాటం తోడైతే ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దాకా ఎగురగలదు. గట్లూ, జిల్లా సరిహద్దులూ దానికి అడ్డు కావు.

సోదరులారా! ఇక్కడ ఒక పొరపాటు భావన కలగకుండా చూసుకోవాలి. బయటి నుండి వచ్చినదల్లా చెడ్డదనుకోవడం న్యాయం కాదు. మన కొండవాలున జీడిమామిడి బ్రెజిల్ నుండి పోర్చుగీసువారి ఓడల్లో వచ్చినదే. మన కూరలోని మిరపకాయ, మన పొలంలోని మొక్కజొన్న కూడా అమెరికా ఖండం నుండి వచ్చినవే. అవి వచ్చి ఈ నేలతో కలిసిపోయాయి. లక్షల కుటుంబాలకు అన్నం పెట్టాయి. కాబట్టి ఎక్కడి నుండి వచ్చిందని అడగడం కన్నా, వచ్చిన చోట ఏమి చేస్తున్నదని అడగాలి. ఇతరులకు మేలు చేస్తూ తన చోటులో నిలిచినదాన్ని ఆదరించాలి. ఇతరుల చోటును మింగి, హద్దు మీరినదాన్ని అదుపు చేయాలి.

వయ్యారిభామ గానీ, కత్తెర పురుగు గానీ పాపం చేసినవి కావు. అవీ అల్లాహ్ సృష్టే. తమ స్వస్థలంలో వాటిని తినే పురుగులున్నాయి, వాటిని అదుపులో ఉంచే రోగాలున్నాయి. ఆయన ప్రతి వస్తువునూ ఒక కొలత ప్రకారం సృష్టించాడు. సూరా అర్‌రహ్మాన్‌లో ఆకాశం ఎత్తబడిన సంగతితో పాటు త్రాసు నిలపబడిన సంగతి కూడా ప్రస్తావించబడింది. ఆ త్రాసును చెదరగొట్టవద్దని మానవునికి హెచ్చరిక ఉంది. తన శత్రువులు లేని చోటికి ఒక మొక్కనో, పురుగునో చేర్చినప్పుడు, ఒక వైపు బరువు తీసివేసిన తక్కెడలా ఆ సమతుల్యం ఒరిగిపోతుంది. చేర్చినవి మన ఓడలు, మన లారీలు, మన సంచులు, మన అజాగ్రత్త. భూమి మీదా సముద్రం మీదా కలిగే కల్లోలానికి మనుషుల చేతలే కారణమని సూరా అర్‌రూమ్ తెలుపుతున్న సత్యాన్ని మనం మన పొలం గట్టు మీదే చూడవచ్చు.

"అంతా నసీబు. రాసిపెట్టి ఉంటే తెగులు వస్తుంది, లేకుంటే రాదు" అనేవారు మనలో ఉన్నారు. ఈ మాట వినడానికి ఈమాన్‌లా ఉంటుంది. చాలాసార్లు దాని వెనుక ఉన్నది బద్ధకమే. హజ్రత్ ఉమర్ (రజి) కాలపు ఒక సంఘటనను గుర్తు చేసుకుందాం. హిజ్రీ 18వ సంవత్సరం ప్రాంతంలో షామ్ దేశంలో అమ్వాస్ మహమ్మారి ప్రబలింది. ఆ దేశానికి బయలుదేరిన ఖలీఫా సర్గ్ అనే చోట ఈ వార్త విని, సహచరులను సంప్రదించి, వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఒక విధి నుండి మరొక విధి వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఆపై పశువుల కాపరికి అర్థమయ్యే ఒక ఉదాహరణ చెప్పారు. ఒక లోయకు ఒక వైపు పచ్చిక, మరొక వైపు ఎండు నేల ఉన్నాయి. ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ నిర్ణయంలోనిదే. అయినా తెలిసినవాడు పచ్చిక వైపే తోలుతాడు. ఇంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, మహమ్మారి ఉన్న ప్రదేశంలోకి వెళ్ళవద్దని, అక్కడ ఉన్నవారు దాని నుండి పారిపోయి బయటికి రావద్దని దైవప్రవక్త (స) ఆదేశించిన విషయాన్ని తెలియజేశారు. ఖలీఫా అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు.

మనుషుల రోగం విషయంలో నేర్పిన ఆ నియమమే మొక్కల రోగం విషయంలోనూ పనిచేస్తుంది. మన పొరుగున ఉన్న అరకు కాఫీ తోటల్లో 2025లో కాయతొలుచు పురుగు కనబడింది. ఆ పురుగును మన దేశంలో మొదట 1990లో నీలగిరులలోని గూడలూరు వద్ద గుర్తించారు. అరకులో అది బయటపడగానే, సోకిన తోటల కాయలను కోయించి, మరుగుతున్న నీటిలో వేసి, గోతుల్లో పూడ్చే పని చేపట్టారు. చేతికొచ్చే పంటను అలా పూడ్చిపెట్టడం గిరిజన రైతులకు ఎంత బాధాకరమో ఊహించండి. ఆ కొద్దిమంది పంటను వదులుకోవడం లోయలోని మిగతా తోటలకు రక్షణ. ఒకరు నష్టాన్ని భరించి అనేకులను కాపాడే చోట, ఆ ఒక్కరిని ఆదుకోవడం అనేకుల బాధ్యత. ఈ రెండవ మాటను మరువకండి. మన సోదరుని ప్రశ్నకు సమాధానంలో సగం ఇందులోనే ఉంది.

దైవప్రవక్త (స) ఒక ఓడ ఉపమానం చెప్పారు. కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు దక్కాయి. కిందివారు నీటి కోసం మాటిమాటికీ పైకి వెళ్ళవలసి వచ్చేది. పైవారికి ఇబ్బంది ఎందుకని, తమ భాగంలోనే ఒక రంధ్రం చేసుకోవాలనుకున్నారు. వారి ఉద్దేశం చెడ్డది కాదు. రంధ్రం వారి భాగంలోనే. అయినా వారిని వారించకపోతే అందరూ మునుగుతారు, వారిస్తే అందరూ బ్రతుకుతారు. "నా చేను, నా ఇష్టం" అనే రైతుకు ఇంతకన్నా చక్కని సమాధానం లేదు. నా చేనులో నేను పీకని వయ్యారిభామ గింజ రాలితే గాలి, నీరు దాన్ని నా సరిహద్దు రాయి దగ్గర ఆపవు. నా తోటలో కాల్చని ఎర్రకుళ్ళు దుబ్బు మీదుగా పారిన నీరు పక్కవాని చేనులోకే వెళుతుంది. పొరుగువాని హక్కు అంటే పండుగనాడు సేమియా పంపడం మాత్రమే అనుకున్నామా? అతని పంటకు మన వల్ల కీడు కలగకుండా చూడడం కూడా ఆ హక్కులో భాగమే.

అల్లాహ్ మనందరినీ విని ఆచరించేవారిలో చేర్చుగాక! మాకూ మీకూ, విశ్వాసులందరికీ క్షమాభిక్ష కోరుకుంటున్నాము. మీరూ కోరుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సమస్త స్తోత్రాలు అల్లాహ్‌కే. అంతిమ ప్రవక్తపై, ఆయన మార్గాన నడిచినవారిపై శాంతి కలుగుగాక!

సోదరులారా! ఇప్పుడు ఆ సోదరుని ప్రశ్న దగ్గరకు వద్దాం. దైవప్రవక్త (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులోకి చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన వల్ల తడిసిందని అమ్మకందారు చెప్పాడు. అలాంటప్పుడు కొనేవారికి కనబడేలా ఆ తడి భాగాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త ప్రశ్నించారు. మోసగించేవానికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. గమనించండి, వాన కురిపించినందుకు ఆ వ్యాపారిని ఎవరూ తప్పుపట్టలేదు. తడవడం పరీక్ష. తడిని కింద దాచడం పాపం. అలాగే చేనుకు తెగులు రావడం ఆ రైతు తప్పు కాదు. అందులో సిగ్గుపడవలసిందీ లేదు. తెగులు దాచి ముచ్చెలు అమ్మితే అది తప్పు.

పైగా తడిసిన ధాన్యం కొన్నవాడు ఆ ధాన్యం వరకే నష్టపోతాడు. తెగులు ముచ్చెలు కొన్నవాడు ఏడాది పంటను, పెట్టుబడిని, కార్శిని పోగొట్టుకుంటాడు. అతని చేను నుండి నీరు పారిన చేలవారు కూడా పోగొట్టుకుంటారు. వారిలో ఎవరికీ అమ్మినవాని పేరు కూడా తెలియదు. ప్రళయ దినాన ఆ పేరు తెలియని మనుషులందరూ హక్కు అడగడానికి వస్తే మనం ఏమి చెల్లించగలం?

కాబట్టి మేము ఆయనకు చెప్పిన సమాధానం ఇది. "భాయ్, ఆ తోట నుండి ఒక్క ముచ్చె కూడా విత్తనానికి ఇవ్వవద్దు. మిగతా భాగం పచ్చగా కనిపించినా ఇవ్వవద్దు. బేరానికి వచ్చినాయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎండిన దుబ్బులను వేళ్ళతో సహా తీసి, చేనులోనే కాల్చండి. మిగిలినదాన్ని ఆలస్యం చేయకుండా నరికించి గానుగకు పంపండి. కార్శి ఉంచవద్దు. ఆ మడిలో వచ్చే పంటగా వరి వేయండి."

ఆయన కొంతసేపు మౌనంగా ఉన్నాడు. "మరి నికాహ్ ఖర్చు, హజ్రత్?" అన్నాడు. ఆ ప్రశ్నకు సమాధానం మేము ఒక్కరమే చెప్పలేము. జమాఅత్ అంతా కలిసి చెప్పాలి. అందుకే ఈ మాట నేడు మింబర్ మీదకు తెచ్చాము.

సత్యం చెప్పమని ఒక పేద రైతును ఆదేశించడం మనకు సులభం. సత్యం చెప్పినందుకు వచ్చిన నష్టాన్ని అతని ఒక్కని నెత్తిన వదిలివేస్తే, రేపు మరొకడు సత్యం చెప్పడానికి భయపడతాడు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో చిక్కుకున్నవారు కూడా ఉన్నారని మనకు తెలుసు. మన జకాత్, మన ఉష్ర్ ఎక్కడికి వెళుతున్నాయి? వాన మీద పండిన పంటలో పదవ వంతు, నీరు తోడి పెట్టుకున్న పంటలో ఇరవయ్యవ వంతు హక్కుగా తీయాలన్న విషయాన్నే మనలో చాలామంది మరచిపోయాము. ఒక చేనుకు పురుగు పట్టిన ఏడు, పండిన చేను నుండి అతని ఇంటికి గింజ చేరాలన్నదే ఆ ఏర్పాటు ఆంతర్యం.

భూమి కౌలుకు ఇచ్చినవారికి ఒక మాట. పండ్లు కొన్నవానికి ఆపద వల్ల ఆ పంట దెబ్బతింటే, అమ్మినవాడు అతని నుండి సొమ్ము రాబట్టుకోవడాన్ని దైవప్రవక్త (స) గర్హించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా మనకు చేరింది. ఈ ఆదేశం ఎంతవరకు వర్తిస్తుందన్న విషయంలో ఫుఖహాలు భిన్నాభిప్రాయాలు వ్యక్తం చేశారు. కానీ పడిపోయిన వాని నుండి పూర్తి సొమ్ము వసూలు చేయడం సజ్జన లక్షణమని ఎవరూ అనలేదు. కౌలుదారుని పంటకు తెగులు పట్టిన సంవత్సరం కౌలు కొంత తగ్గించండి, లేదా గడువు ఇవ్వండి. అది మీ ఖాతాలో రాయబడుతుంది.

మందుల వ్యాపారం చేసే సోదరులకు మరొక మాట. రైతు ఆకు తెచ్చి చూపించినప్పుడు, అతని రోగానికి పనికివచ్చే మందే ఇవ్వండి. ఎర్రకుళ్ళు పట్టిన గడను బాగుచేస్తుందని చెప్పి ఏ డబ్బానూ అంటగట్టవద్దు. 2021లో మిరప తోటలకు కొత్త రకం తామర పురుగు వచ్చినప్పుడు, గుంటూరు మొదలు ఖమ్మం, వరంగల్ వరకు రైతులు మందు మీద మందు కొట్టారు. పంట దక్కలేదు, అప్పు మిగిలింది. మితిమీరిన మందు పురుగును తినే మిత్రపురుగులను కూడా చంపుతుంది. పూర్వం ఒక ప్రవక్తను ఒక చీమ కుట్టగా, ఆయన ఆ చీమల పుట్టనే కాల్పించారట. కుట్టినది ఒక్క చీమే కదా అని అల్లాహ్ ఆయనను మందలించిన వృత్తాంతం హదీసుల్లో ఉంది. హాని చేసేదాన్ని తొలగించడానికి అనుమతి ఉంది. ఆ పేరుతో తేనెటీగను, వానపామును, చెరువులోని చేపను చంపడానికి లేదు.

ప్రతి రోగానికీ అల్లాహ్ మందును కూడా సృష్టించాడని మన ప్రవక్త (స) నేర్పారు. ఆ మందు ఎప్పుడూ డబ్బాలోనే ఉండాలని లేదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి కనిపించి, బొప్పాయినీ మల్బరీనీ నాశనం చేసింది. 2010లో దాని సహజ శత్రువైన ఒక చిన్న పరాన్నజీవి కందిరీగను ప్యూర్టోరికో నుండి తెప్పించి విడుదల చేశారు. కొద్ది కాలంలోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది. వయ్యారిభామ ఆకులను తినే మెక్సికో పెంకు పురుగును కూడా 1980వ దశకంలో మన శాస్త్రజ్ఞులు తెచ్చి, అది పంటలకు హాని చేయదని పరీక్షించాకే వదిలారు. చెదిరిన త్రాసును తిరిగి నిలపడమంటే ఇదే. 12వ శతాబ్దిలో సెవిల్లేలో ఇబ్నుల్ అవ్వామ్ వ్యవసాయం మీద బృహత్ గ్రంథం రచించి, మొక్కల రోగాలకూ అందులో చోటిచ్చాడు. మన పూర్వీకులు ఈ విద్యను దీన్‌కు దూరమైనదిగా భావించలేదు. మన పిల్లల్లో కొందరైనా వ్యవసాయ విద్య చదవాలి.

సోదరులారా! మాటలు చాలు. చేయవలసిన పనులు చెప్పుకుందాం.

మొదటిది, ముచ్చెలు. నాటే రోజులు దగ్గర పడుతున్నాయి. తెలిసిన తోట నుండి, తెగులు లేని తోట నుండి మాత్రమే తీసుకోండి. కొనే ముందు నాలుగు గడలు చీల్చి చూడండి. నాటే ముందు శుద్ధి ఎలా చేయాలో రైతు సేవా కేంద్రంలో గానీ, అనకాపల్లి పరిశోధన స్థానంలో గానీ అడగండి. అమ్మేవారు అడగకముందే నిజం చెప్పండి.

రెండవది, కొత్త పురుగు, కొత్త మచ్చ ఏది కనిపించినా దాచవద్దు. అదే రోజు పక్కవారికి, వ్యవసాయ సహాయకునికి చెప్పండి. మొక్కజొన్న మొవ్వులో కత్తెర పురుగు చిన్నగా ఉన్నప్పుడు లింగాకర్షక బుట్టలతో, వేపనూనెతో అదుపు చేయవచ్చు. మొవ్వు లోపల ముదిరాక ఏ మందూ సరిగా చేరదు.

మూడవది, మన ఖబరస్తాన్. ఈ విషయంలో మేము ముందుగా మమ్మల్ని మేమే నిందించుకుంటున్నాము. గత వర్షాకాలంలో అక్కడ వయ్యారిభామ మోకాలెత్తు పెరుగుతున్నప్పుడు చూశాము. తర్వాత తీయిద్దామనుకున్నాము. అది పూసింది, గింజ రాల్చింది. జనాజాతో వెళ్ళినప్పుడు ఆ మొక్కలను తొక్కుకుంటూ వెళ్ళాము. మన తల్లిదండ్రుల సమాధుల మీద నుండే గింజ చుట్టుపక్కల చేలకు ఎగిరిపోతున్నది. ఆ చేలలో ముస్లిమేతర సోదరులవి కూడా ఉన్నాయి. వారు మనల్ని ఏమీ అనలేదు. అనకపోవడం వారి మంచితనం, మన బాధ్యతకు మినహాయింపు కాదు. దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటి కదా.

ఈ ఆదివారం ఫజ్ర్ నమాజు తర్వాత ఖబరస్తాన్‌లో కలుద్దాం. మేమూ వస్తాము. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆయాసం ఉన్నవారు, చిన్నపిల్లలు రావద్దు. ఎండిన వాటిని గింజ రాలకుండా సంచుల్లోకి చేర్చి కాల్చుదాం. నేలలో దాగిన గింజ తొలకరికి తప్పక మొలుస్తుంది. అప్పుడు పూత రాకముందే మళ్ళీ పీకుదాం, ఆ పచ్చి మొక్కలను కంపోస్టు గోతిలో వేద్దాం. ఒక్క ఏడాదితో ఇది తీరే పని కాదు. వరుసగా కొన్ని సంవత్సరాలు పట్టుదలగా చేయాలి. ఖాళీ అయిన చోట వేప, కానుగ నాటుదాం. ఖాళీగా వదిలిన నేలను కలుపే మొదట ఆక్రమిస్తుంది. మనసు కూడా అంతే.

నాల్గవది, ఆ సోదరుని కోసం, ఆయన వంటి ఇతరుల కోసం, నమాజు తర్వాత తలుపు దగ్గర ఒక పెట్టె ఉంచుతున్నాము. ఎవరి కోసమో అడగవద్దు. మీకు తోచినంత వేయండి.

ఆయన ఏం చేశాడో కూడా మీకు చెప్పాలి. ఆ మరునాడే బేరానికి వచ్చినాయనకు విషయం చెప్పి, బయానా తీసుకోకుండా పంపించాడు. ఎండిన దుబ్బులను తీసి కాల్చాడు. అల్లాహ్ ఆయన బిడ్డ నికాహ్‌ను సులభం చేయుగాక! ఆయన నిజాయితీని ఆయన సంతానానికి ఆస్తిగా ప్రసాదించుగాక!

ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది అతని పేరిట సదఖా అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో ఉన్న మొక్కను నాటగలిగితే నాటమన్నారు. ఫలం చూస్తామా లేదా అన్నది మన చేతిలో లేదు. మొక్క మాత్రం మన చేతిలో ఉంది. ఈ నేల మన తాతల నుండి మనకు వచ్చింది, మన మనుమలకు వెళుతుంది. మధ్యలో కొద్దికాలం మనం కాపలాదారులం.

ఓ అల్లాహ్! మా చేలను తెగుళ్ళ నుండి, మా మనసులను మోసం నుండి కాపాడు. మేలు చేసే వానలు కురిపించు. మా మండలంలోని రైతులందరి కష్టాన్ని, వారు ఏ మతంవారైనా, ఫలవంతం చేయి. నష్టపోయినవారికి సహనాన్ని, కలిగినవారికి ఇచ్చే మనసును ప్రసాదించు. మాకు హలాల్ ఉపాధిని అనుగ్రహించు, అది కొంచెమైనా అందులో బర్కత్ ఇవ్వు. మా చేత మా పొరుగువారికి కీడు జరగనివ్వకు. మా మృతులను క్షమించు, వారి సమాధులను కాంతిమయం చేయి. నీవు అప్పగించిన అమానత్‌ను నీకు సరిగా తిరిగి అప్పగించే భాగ్యాన్ని మాకు కలిగించు.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.